వీపులో కుంపటి

ఇద్దరికీ ఏ జబ్బూ లేదని యంత్రం తేల్చి చెప్పేసరికి వీరవేణికి నోట మాట రాలేదు. ఆవిడకి మాట రాకపోవడమన్నది చాలా అరుదైన సంగతి. గోదావరి జిల్లాలో ఆవిడ కాళ్ళరిగేలా తిరగని ఆఫీసు లేదు. ఆవిడ గుమ్మంలో కనిపిస్తే చాలు, గుమాస్తాలు టీకి వెళ్ళే టైమయిందని లేచిపోయేవారు. అలాంటి మనిషి, హైదరాబాదులో ఆ పరీక్షా కేంద్రం వరండాలో నిలబడి, తెర మీద పచ్చగా వెలుగుతున్న రెండు అంకెల వంక అలా చూస్తూ ఉండిపోయింది.

"ముప్ఫయ్యేడు, ముప్ఫయ్యేడు," అన్నాడు విచారణాధికారి గోవర్ధన్. "మామూలు మనుషులకి ఒంటివేడి ఎంతుండాలో ఇద్దరికీ అంతే ఉందమ్మా. ఆఫీసు పొరపాటు వల్ల మాజీ సైనికుడికి హాని జరిగిందని పరీక్షలో తేలితేనే కొత్త చట్టం వర్తిస్తుంది. ఇక్కడ నాకు హాని కనపడటం లేదు."

వీరవేణి వెనక్కి తిరిగి చూసింది. వరండా చివర బల్ల మీద ఆమె మొగుడు త్రిమూర్తులు, తమ్ముడు అబ్బులు వీపుకి వీపు ఆనించుకుని, ఒకే దుప్పటి కప్పుకుని కునుకు తీస్తున్నారు. అప్పుడు వెలిగింది ఆవిడకి. రాత్రంతా రైల్లో అలాగే కూర్చున్నారు. స్టేషన్ నుంచి ఆటోలో అలాగే వచ్చారు. పేరు పిలిచేదాకా ఆ బల్ల మీద అలాగే ఉన్నారు. ఇంట్లో ఎలా ఉంటారో పరీక్షకీ అలాగే వచ్చారు, అంతే. అలవాటైపోయిన మనుషులకి అది తప్పని తోచలేదు. తోడుకొచ్చిన తనకి మాత్రం తోచొద్దూ!

"ఓర్నాయనో!" అని నెత్తి కొట్టుకుంది వీరవేణి.

సంగతేమిటంటే, త్రిమూర్తులు పటాలంలో చేరిన కొత్తల్లో మంచుకొండల మీద కాపలా కాసేవాడు. ఆ కొండల మీదికి వెళ్ళే జవాన్లకి వీపులో, రెండు రెక్కల మధ్య, ప్రయోగశాలలో పెంచిన ఓ రకం కొవ్వు అతికించేవారు. పురిటి పిల్లలు చలికి బిగుసుకుపోకుండా పుట్టుకతోనే వాళ్ళ వీపులో అలాంటి కొవ్వు ఉంటుంది. చలి తగిలితే దానంతటదే మండి ఒంటికి వేడి పుట్టిస్తుంది. దాన్నే ఎవరి ఒంట్లో పెట్టినా ఇమిడిపోయేలా మార్చి పెంచారు శాస్త్రజ్ఞులు. జవాన్లు దానికి కుంపటి అని పేరు పెట్టుకున్నారు. కుంపటి ఉన్నవాడికి మంచులో కూడా కాళ్ళూ చేతులూ కొంకర్లు పోవు. కొలువు ముగించి ఇంటికి వచ్చే రోజున మాత్రం దాన్ని ఆర్పెయ్యాలి. అందుకొక సూది ఉండేది.

అబ్బులు కూడా పటాలంలోనే చేశాడు గానీ, లారీ డ్రైవరు. మంచన్నది సినిమాల్లో తప్ప చూడలేదు. పెళ్ళీ పెటాకులూ లేనివాడు, ఇల్లంటే వాడికి అక్క ఇల్లే. బావా బావమరుదులు ఇద్దరూ ఒకే రోజున కొలువు దిగారు. ఇద్దరి చిరునామా ఒకటే, ఇద్దరూ దగ్గర బంధువని రాయించిన పేరూ ఒకటే, వీరవేణి. ఆ పేరు పట్టుకుని ఆఫీసు కంప్యూటరు ఇద్దరినీ కలగాపులగం చేసేసింది. బావకి పడాల్సిన సూది బావమరిదికి పడింది. పటాలంలో చెయ్యి చాపమంటే చాపడమే, ఎందుకని అడిగే అలవాటు ఉండదు.

ఆ రకంగా ఒకడు ఆరని కుంపటితో ఇంటికి వచ్చాడు. లేని కుంపటిని ఆర్పే మందు రెండోవాడి ఒంట్లో ఉన్న కాస్త సహజమైన వేడినీ ఆర్పేసింది. త్రిమూర్తులు నలుగురి తిండి తినేవాడు, ఎంత తిన్నా బక్కగానే ఉండేవాడు. చొక్కా తొడుక్కుంటే ఉడికిపోయేవాడు. అబ్బులేమో రోహిణి ఎండలో డాబా మీద పడుకుని ప్రాణం లేచొచ్చిందనేవాడు. వాడికి వణుకు కూడా రాదు. రాయి చల్లబడినట్టు చల్లబడిపోతాడు. ఓ ముసురు రోజున పెదాలు నీలంగా మారి పడున్న తమ్ముణ్ణి చూసి, ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ కప్పినా లాభం లేక, వీరవేణి మొగుణ్ణి పట్టుకొచ్చి వాడి పక్కన కూలేసింది. కాసేపటికి అబ్బులు కళ్ళు తెరిచాడు. త్రిమూర్తులు, "వీడి ఒళ్ళు సల్లగా భలే ఉందే," అన్నాడు.

అప్పట్నుంచీ వాళ్ళిద్దరూ వీపులు కలిపే బతికారు. పేకాడినా అంతే, అన్నం తిన్నా అంతే. టీవీ చూడాలంటే వంతులు పెట్టుకోవాల్సి వచ్చేది, ఒకడు తెర చూస్తే రెండోవాడు గోడ చూడాలి కదా. పోట్లాడుకున్న రోజుల్లో మాటలుండేవి కావు, వీపులు మాత్రం విడిపోయేవి కావు. "నాకు ఆడపడుచులు లేని లోటు మా తమ్ముడు తీర్చేస్తున్నాడండి, మా ఆయన్ని నాకు వదలడు," అని వీరవేణి వీధిలో అందరి దగ్గరా నవ్వేది. నవ్వేది గానీ లోపల బెంగగా ఉండేది. చలికాలం వచ్చినప్పుడల్లా అబ్బులు గుండె కొట్టుకోవడం నెమ్మదిస్తోంది. ఇంకో రెండు చలికాలాలు గట్టెక్కడం కష్టమని చూసిన ప్రతి డాక్టరూ చెప్పాడు.

మందు ప్రభుత్వం దగ్గరే ఉంది. కుంపటి ప్రభుత్వం దగ్గరే ఉంది. బయట ఎక్కడా దొరకవు. అడగడానికి వెళితే, మా కంప్యూటర్లో అంతా సరిగ్గానే ఉందమ్మా అనేవారు. ఏళ్ళ తరబడి వీరవేణిలాంటి వాళ్ళు ఊరూరా నెత్తీనోరూ కొట్టుకుంటే, చివరికి ఆ చట్టం వచ్చింది. సర్కారు ఆఫీసుల పొరపాట్ల వల్ల దెబ్బతిన్న మాజీ సైనికులకి పరిహారం ఇవ్వాలని, దెబ్బని వైద్యంతో సరిచెయ్యాలని. చట్టం సభలో నెగ్గిన రోజున వీరవేణి వీధంతా లడ్డూలు పంచింది. డబ్బు సంగతి ఆవిడ పట్టించుకోలేదు. మొగుడికి సూది, తమ్ముడికి కుంపటి, ఆవిడకి కావలసినవి ఆ రెండే.

అవి చేతికందే దాకా వచ్చి, ఇప్పుడు ముప్ఫయ్యేడు, ముప్ఫయ్యేడు!

"ఆళ్ళిద్దర్నీ విడదీసి సూడండి బాబూ! అప్పుడు తెలుస్తాది మీకు," అంది వీరవేణి, మాట తిరిగొచ్చాక.

గోవర్ధన్ చెడ్డవాడేం కాదు. చట్టం పుస్తకం తిరగేసి నెమ్మదిగా చెప్పాడు. "రెండోసారి పరీక్షకి వీలుంది. కానీ నియమం కచ్చితంగా ఉంటుంది. వేరు వేరు గదుల్లో మూడు రోజులుండాలి. బయటి సాయమేదీ ఉండకూడదు. ఇంటి తిండి, ఇంటి దుప్పటి కూడా కుదరవు. ఇంకో మనిషి పక్కన కూర్చోవడం కూడా బయటి సాయం కిందికే వస్తుంది."

"మడిసికి మడిసి సాయం కాపోతే ఇంకేటి సాయవండీ?"

"నేను రాసిన చట్టం కాదమ్మా," అన్నాడాయన, చిన్నబుచ్చుకుని.

పరీక్షలు చూసే డాక్టర్ రెహానా వీరవేణిని పక్కకి తీసుకెళ్ళి ధైర్యం చెప్పింది. కుంపట్ల మీద ఏళ్ళ తరబడి పనిచేసిన మనిషి ఆవిడ. "మీ తమ్ముడి దగ్గర నేనే ఉంటాను. వేడి మరీ పడిపోతే క్షణంలో వెచ్చని పరుపు వేయిస్తాను. ఆయనకేం కానివ్వను," అంది. అందరి భయమూ అబ్బులు గురించే. త్రిమూర్తుల గురించి ఎవరికీ ఏ భయమూ లేదు, ఆయనకి ఉన్నది ఎక్కువే తప్ప తక్కువ కాదుగా.

త్రిమూర్తులు మాత్రం గునిశాడు. "ఆడొక్కడూ ఉండలేడే. ఇది పుష్యమాసం, సలి సూసేవా ఎలాగుందో!"

"మూడ్రోజులే కదండీ! జీవితాంతం ఒకళ్ళ ఈపు ఒకళ్ళు మోసుకు తిరుగుతారా ఏటి?"

"తిరిగితే ఏవయ్యింది," అన్నాడు అబ్బులు, దుప్పట్లోంచి తల బయటపెట్టి. "నాకేం బరువు లేదు. బావకేవన్నా బరువా?"

"నోర్మూసుకుని నడువు," అంది వీరవేణి. తమ్ముడి మీద నుంచి దుప్పటి లాగి మడత పెట్టింది. ఇద్దరూ చెరో వైపు నడుస్తుంటే, వాళ్ళ వీపులు అంత దూరంగా ఎప్పుడు చూశానా అనిపించింది ఆవిడకి.

త్రిమూర్తుల గది శుభ్రంగా, విశాలంగా ఉంది. గోడకి చల్లని గాలి వచ్చే యంత్రం ఉంది. వీరవేణి అక్కడున్న నర్సమ్మ చెయ్యి పట్టుకుంది. "అమ్మా, మాయన్ని మాత్రం కాస్త సల్లగా ఉంచు తల్లీ. ఈయన సుఖంగా పడుకుని ఎన్నేళ్ళయ్యిందో నాకే గుర్తులేదు. ఒళ్ళంతా సెవటే. ఆ దుప్పట్లో మా తమ్ముడితో కలిసి ఉడికిపోయేవోరు." నర్సమ్మకి జాలేసింది. ఎంత చల్లగా పెట్టొచ్చో అంత చల్లగా పెట్టింది.

"ఆహా," అన్నాడు త్రిమూర్తులు చొక్కా విప్పి, మంచం మీద చేతులు బార్లా చాపుకుని. "ఏవే, సొర్గం ఇలాగే ఉంటాదంటావా? నువ్వెల్లి ఆణ్ణి సూసుకో. నాకేటి, మారాజులా ఉన్నాను."

ఆ మాట విని వీరవేణికి కడుపు నిండినట్టయింది. పెళ్ళయ్యాక మొగుడికి తను ఇప్పించగలిగిన మొదటి సుఖం ఇదేనేమో అనుకుంది.

తర్వాత ఆవిడ అబ్బులు గది అద్దం ముందు బైఠాయించింది. లోపల తమ్ముడు ముడుచుకుని పడుకున్నాడు. అంకె ముప్ఫయ్యారు నుంచి దిగుతోంది. డాక్టర్ రెహానా ఆ అద్దం దగ్గర్నుంచి కదల్లేదు, అన్నం కూడా అక్కడే తింది. నర్సులంతా అక్కడే. మధ్యమధ్యలో వీరవేణి వెళ్ళి మొగుడి గదిలోకి తొంగి చూసేది. మొదటి రోజు ఆయన హాయిగా నిద్రపోతున్నాడు. రెండో రోజు, "ఆకలేస్తందే, ఇక్కడి కూడు నాకు పంటి కిందకి రాటంలేదు," అన్నాడు మైకులోంచి. "ఎల్లుండి ఇంటికెళ్ళేక గంపెడు వండుతాను, ఓపిక పట్టండి," అంది ఆవిడ. మొహం కాస్త పీక్కుపోయినట్టు కనపడింది గానీ, పస్తు మొహం అంతే కదా అనుకుంది. నియమం ప్రకారం ఆసుపత్రి వాళ్ళు పెట్టే భోజనం తప్ప ఇంకేమీ ఇవ్వకూడదు.

మూడో రోజు పొద్దున్న అబ్బులు అంకె ముప్ఫై రెండుకి దిగింది. "చాలు. హాని రుజువైంది. మంచం వేడి చెయ్యండి," అని డాక్టర్ రెహానా అరుస్తుండగానే గంట మోగింది. ప్రమాదం వస్తే మోగే గంట అది. అందరూ తలుపు తోసుకుని అబ్బులు మంచం మీదికి ఎగబడ్డారు. వీరవేణి అందరికంటే ముందుంది. తమ్ముడి బుగ్గలు పట్టుకుని, "ఒరే అబ్బులూ, ఒరే!" అని కుదిపింది.

అబ్బులు కళ్ళు తెరిచి మెల్లగా చూశాడు. "ఏంటక్కా?"

గంట మోగుతూనే ఉంది. అది ఈ గదిది కాదు.

వరండా అవతలి గదికి వాళ్ళంతా ఎలా చేరారో వీరవేణికి తెలీదు. తలుపు తీయగానే చలి మొహాన కొట్టింది. మంచం మీద త్రిమూర్తులు చేతులు బార్లా చాపుకునే ఉన్నాడు. బుగ్గలు లోపలికి పోయాయి, పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి. రెండు రోజుల్లో మనిషి ఇంతలా కరిగిపోతాడా! డాక్టర్ రెహానా ఆయన ఛాతీ మీద చేతులు పెట్టి నొక్కింది. చాలాసేపు నొక్కింది. నర్సు ఆపమన్నా ఆపలేదు. చివరికి ఆవిడే చేతులు తీసేసి, వీరవేణి వైపు తిరిగి ఏదో చెప్పింది.

"ఎవరు పోయేరు?" అంది వీరవేణి. వెళ్ళి మొగుడి నుదుటి మీద చెయ్యి వేసింది. చెయ్యి చురుక్కుమంది. ఎప్పుడూ ఉండేదాని కంటే ఇంకా వేడిగా ఉంది. ఆవిడకి కోపం ముంచుకొచ్చింది. "కళ్ళు కనపట్టంలేదా మీకు? ఒళ్ళు పెనంలా కాలిపోతావుంటే పోయేరంటారేటి? లెగండి! ఏవండీ, లెగండి!"

డాక్టర్ రెహానా గోడ మీది యంత్రం వైపు చూసింది. "ఈ గదిలో ఇంత చలేమిటి? ఎవరు పెట్టారిలా?" అంది. నర్సమ్మ ఏడుపు అందుకుంది.

"నేనే పెట్టమన్నాను," అంది వీరవేణి. "ఎందుకు? పెడితే ఏవయ్యింది?"

చెప్పడానికి డాక్టరుకి చాలా సమయం పట్టింది. ఆర్పని కుంపటి ఊరుకోదు. మంచుకొండల మీద అరచెయ్యంత ఉన్నది ఇన్నేళ్ళలో పెరిగి వీపంతా పరుచుకుంది. వెచ్చగా ఉన్నంతకాలం అది నివురు కప్పుకుని ఉంటుంది. చలి తగిలితే లేచి మండుతుంది. కొండల మీద దానికి సరిపడా నెయ్యీ మాంసమూ పెట్టేవారు. ఇక్కడ తిండి చాలక అది మనిషినే తినేసింది. గుండెని కూడా.

"ఇంటి దగ్గర చలికాలంలో ఏం చేసేవారు?" అని అడిగింది డాక్టర్ రెహానా, నమ్మలేనట్టు. "ఈ కుంపటితో ఇన్నేళ్ళు ఎలా బతికారు?"

"ఏం చేసేవోరండీ... అబ్బులుగాడితో దుప్పటి కప్పుకుని కూచునేవోరు. ఆడికి సలని. సెవటలు కారిపోతున్నా తీసేవోరు కాదు."

డాక్టర్ కుర్చీలో కూలబడింది. "ఆ దుప్పటేనమ్మా ఆయన్ని బతికించింది."

వీరవేణికి ఆ మాట వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక మంచం అంచు మీద కూర్చుంది. ఇన్నేళ్ళూ మొగుడు ఇస్తున్నాడని, తమ్ముడు పుచ్చుకుంటున్నాడని అనుకుంది. ఊరంతా అలాగే అనుకుంది. పాపం త్రిమూర్తులు, బావమరిది కోసం ఉడికిపోతున్నాడని జాలిపడింది. ఆ ఉడకడమే ఆయన ప్రాణమని ఎవరికీ తెలీదు. తెలిసిన డాక్టరు ఇంకో గది అద్దం దగ్గర కూర్చుంది. ఆయన సుఖం కోరి వీరవేణే తన చేతులతో ఆయన్ని చలిలో పడుకోబెట్టింది. ఏడుద్దామన్నా ఏడుపు రాలేదు. చెయ్యి మాత్రం మొగుడి నుదుటి మీదే ఉంది. అది ఇంకా కాలుతూనే ఉంది.

గోవర్ధన్ వచ్చి గుమ్మంలో నిలబడిపోయాడు. చేతిలో చట్టం పుస్తకం ఉంది గానీ, తెరవలేదు. అబ్బులు కేసు రుజువైందని, కానీ కుంపట్లు తయారుచెయ్యడం ఎప్పుడో ఆపేశారని, కొత్తది పెంచడానికి నెలలు పడుతుందని ఆయనే చెప్పాడు. డాక్టర్ రెహానా తల అడ్డంగా ఊపింది. ఈ మూడు రోజులతో అబ్బులు గుండె బాగా దెబ్బతింది. వెచ్చని పరుపు మీద వేసినా అంకె పైకి రావడం లేదు. నెలలు కాదు, రేపటి దాకా ఉంటాడో లేదో.

"ఒక దారి ఉంది," అంది డాక్టర్, వీరవేణి మొహంలోకి చూడలేక. "మీవారు పోయారు గానీ, ఆయన కుంపటి పోలేదు. దాని కొవ్వు దాని దగ్గరుంది, సాయంత్రం దాకా మండుతుంది. ఎవరి ఒంట్లో పెట్టినా ఇమిడిపోయే రకం అది. దాన్ని మొత్తంగా బయటికి తీసేస్తే, అందులోంచి మళ్ళీ అరచెయ్యంత ముక్క మీ తమ్ముడికి..."

"చట్టంలో అలాంటి వీలు లేదు," అన్నాడు గోవర్ధన్. అని, త్రిమూర్తుల పక్కటెముకల వంక ఓసారి చూసి, తల దించుకున్నాడు. "లేకపోతే లేకపోయింది. మీరు కానివ్వండి డాక్టర్. తర్వాత వచ్చేది నేను పడతాను."

ఇక మిగిలింది వీరవేణి మాట ఒక్కటే. ఇద్దరికీ దగ్గర బంధువు ఆవిడే కదా.

ఆవిడ మొగుడి చేతిని తన బుగ్గకి ఆనించుకుంది. ఈ వేడి ఉన్నంతసేపూ ఆయన పోయాడని నమ్మక్కర్లేదు. ఊఁ అంటే, ఆయన్ని తనే రెండోసారి చల్లబరిచినట్టు. ఉహూఁ అంటే, పక్క గదిలో తమ్ముడు. ఏ ఆడదానికైనా ఇలాంటి లెక్క పెడతారా ఎక్కడన్నా! ఆవిడకి ఎవరి మీద అరవాలో తెలీలేదు. చట్టం చేసిన వాళ్ళ మీదా, కంప్యూటరు మీదా, తన మీదా? అరిచే ఓపిక కూడా లేదు.

"అబ్బులుగాడొక్కడూ ఉండలేడన్నారు ఆయన," అంది చివరికి. "తియ్యండి."

మధ్యాహ్నం మీద త్రిమూర్తుల్ని తిరిగి అప్పగించారు. వీరవేణి ఆయన నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. చల్లగా ఉంది, అందరు మనుషులూ పోయాక ఉన్నట్టే. అప్పుడు వచ్చింది ఏడుపు. వరండా అంతా వినపడేలా ఏడ్చింది.

అబ్బులుకి మర్నాడు తెల్లవారాక తెలివి వచ్చింది. బోర్లా పడుకోబెట్టారు వాణ్ణి, వీపు మీద కట్టు కట్టి. కిటికీ బయట మంచు తెర ఇంకా వీడలేదు. వీరవేణి మంచం పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. రాత్రంతా తమ్ముడికి ఏమని చెప్పాలో కూడబలుక్కుంటూనే ఉంది. ఒక్క ముక్కా కుదరలేదు.

"అక్కా," అన్నాడు అబ్బులు, కళ్ళు తెరవకుండానే.

"ఏంట్రా?"

"ఉక్కగా ఉందే."

వాడి నోట ఆ మాట విని ఎన్నేళ్ళయిందో. నుదుటి మీద చెమట పట్టింది. వీరవేణి కొంగుతో తుడిచింది. తుడుస్తుంటే వేళ్ళకి తగిలిన వేడి ఆవిడకి బాగా తెలిసినదే. చెయ్యి వెనక్కి తీసుకోబోయి, తీసుకోలేకపోయింది.

అబ్బులు నిద్రమత్తులో విసుక్కున్నాడు. "బావొచ్చేసేడా? కూసింత అవతలికి జరగమనే. మరీ ఈపు మీదకొచ్చేసేడు."

వీరవేణి తమ్ముడి తల నిమిరింది.

"ఉండనీరా," అంది. "మీ బావ ఇంకెక్కడికెళ్తారు?"